మధురపూడికి గంటేనా?

హైదరాబాద్ శంషాబాద్ నుంచి రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి ఎంత దూరమని నెట్‌లో కొడితే గీత గీసినట్టు దాదాపు 360 కిలోమీటర్లని వస్తుంది. అది నిజమే. మ్యాప్ తెరిచి చూడండి, రెండు విమానాశ్రయాలూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉంటాయి, ఒకటి 17.24 ఇంకోటి 17.11, మధ్యలో స్కేలు పెట్టి గీస్తే ఖమ్మం మీదుగా పోతుంది. అదే రైలైతే కాజీపేట వైపు పైకెక్కి, విజయవాడకి దిగి, మళ్లీ పైకి రాజమండ్రికి రావాలి, అందుకే దానికి 500 కిలోమీటర్ల దాకా అవుతుంది.

గొడవంతా టైముతోనే, విమానంలో గంటేగా అంటారు. పెద్ద జెట్ లెక్కన గంటకి 800 వేసుకుంటే 27 నిమిషాలు. కానీ ఈ రూట్లో నేనెక్కింది రెక్కలకి ఫ్యాన్లున్న ఏటీఆర్, దాని వేగం 500 చిల్లర, అంటే 43 నిమిషాలు. టికెట్ మీద గంటా పావు. ఎందుకంటే టికెట్ మీద వేసేది గాల్లో ఉన్న టైము కాదు, ఇక్కడ చక్రం కదిలినప్పట్నుంచి అక్కడ ఆగేదాకా. రన్‌వే దగ్గర క్యూలో నిలబడటం, చుట్టు తిరిగి దిగడం అన్నీ అందులోనే. గాలి ఎదురైతే ఇంకో నాలుగైదు నిమిషాలు.

ఇవన్నీ మా అమ్మకి తెలీదు. పోయిన నెల గృహప్రవేశానికి వస్తున్నానని ఫోన్ చేస్తే, "గంటేగా నాన్నా, టిఫిన్‌కి వచ్చేస్తావా, పెసరట్లకి నానబెట్టనా?" అంది. 10:20 విమానం. కూకట్‌పల్లిలో ఏడింటికి క్యాబ్ ఎక్కా, ఔటర్ రింగ్ రోడ్డు మీద బాగానే పోయింది గానీ అది ఎక్కేదాకా ట్రాఫిక్. గంట ముందే కౌంటర్ మూసేస్తారన్న టెన్షన్‌తో ఎనిమిదింపావుకే లోపల ఉన్నా. తర్వాత గంటన్నర కుర్చీలో. ఆ తర్వాత బస్సులో తీసుకెళ్లి ఏటీఆర్ వెనక తలుపు దగ్గర దించారు (ముందువైపు సామాన్ల గది ఉంటుంది, అందుకే వెనక నుంచి ఎక్కిస్తారు, మొదటి వరుస సీటు అని మురిసిపోతే చివర్న దిగాలి). దిగేటప్పుడు కిటికీలోంచి గోదావరి, రెండు వంతెనలు కనిపించాయి, డబ్బులకి అదొక్కటే న్యాయం. మధురపూడి చిన్నది, బ్యాగు పది నిమిషాల్లో వచ్చేసింది. రాజమండ్రి దానవాయిపేటలో ఇంటి గుమ్మం తొక్కేసరికి పన్నెండున్నర. పెసరట్టు కాదు, భోజనమే.

ఐదున్నర గంటలకి 360 కిలోమీటర్లు, అంటే గంటకి 65. హైవే ఖాళీగా ఉంటే ఆర్టీసీ సూపర్ లగ్జరీ కూడా ఆ వేగం అందుకుంటుంది.

అందుకే నా లెక్కలో గౌతమి ఎక్స్‌ప్రెస్సే నయం. లింగంపల్లి దాకా వస్తుంది కాబట్టి మా వైపు వాళ్లకి ఇంకా మేలు, రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దున దిగొచ్చు, ఒక్క పూట కూడా పోదు. అమ్మానాన్నల్ని తీసుకురావాలన్నా, మధ్యాహ్నం మీటింగ్ ఉన్నా విమానం సరే, కాదనను.

నిన్న సంక్రాంతికి బెర్తు చూశా. వెయిటింగ్ లిస్టు. విమానం యాప్ తెరిచి ధర చూసి మూసేశా. ఇప్పుడు బస్సులు చూస్తున్నా.