ఫ్రీజరు గోడకు నీరంటని పూత: నా అనుభవం

బరంపురంలో మాది చిన్న ఐస్‌క్రీమ్ దుకాణం. వానాకాలం వస్తే ఫ్రీజరు లోపలి గోడలకు వారం తిరగకుండానే వేలెడు మందాన మంచు పేరుకునేది. సముద్రం దగ్గరి ఊరు కదా! గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున 28 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతిదాని మీదా నీరు పడుతుంది.

తామరాకు గుర్తుకొచ్చి, వాననీరు నిలవకుండా కారు అద్దాలకు రాసే ద్రవం కొన్నాను. ఫ్రీజరు ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, ఎడమ గోడకు మాత్రమే రాశాను. పోల్చి చూడటానికి కుడి గోడను అలాగే వదిలేశాను.

స్విచ్చి వేసి టార్చిలైటుతో చూస్తూ కూర్చున్నాను. కుడి గోడ మీద నీరు మచ్చలుగా పరుచుకుని త్వరగా తెల్లబడింది. ఎడమ గోడ మీద ఆవగింజలంత గుండ్రటి బొట్లు, దేనికది విడిగా, ఇంకా నీళ్లుగానే మెరుస్తున్నాయి. ఎంత సంతోషమేసిందో! కాసేపటికి అంచున ఒక బొట్టు గడ్డకట్టింది. ఆ తర్వాత దాని పక్కది, దాని పక్కది. గడ్డకట్టిన బొట్టు పక్కనున్న నీటిబొట్టు నుంచి ఆవిరిని లాక్కుంటూ దాని వైపు పెరుగుతుందట. మూడో రోజుకు రెండు గోడలూ ఒకేలా ఉన్నాయి. మంచు కప్పేశాక కొత్త ఆవిరి మంచు మీదే పడుతుంది, పూతకు ఇక పనేముంది? తామరాకు సంగతీ అంతే. పైనుంచి పడిన బొట్టు దాని మీద జారిపోతుంది గానీ, ఆవిరి ఆకు మీది సన్నని గరుకుల్లోనే నీరుగా మారితే అంటుకుపోతుంది.

అయినా పూత వృథా కాలేదు. మంచు కరిగించినప్పుడు ఎడమ గోడ మీది గడ్డ పలకలుగా ఊడివచ్చింది, నీరు నిలవకుండా కిందికి జారిపోయింది. కుడి గోడను గుడ్డతో రెండుసార్లు తుడవాల్సి వచ్చింది.

పై అద్దానికి మాత్రం అది రాయకండి. నేను రాస్తే సన్నని బొట్లు వెలుతురును చెదరగొట్టి మసక ఇంకా పెరిగింది. ఇప్పుడు దాన్ని తుడిచేసి, పలుచటి సబ్బునీరు పూస్తున్నాను. నీరు బొట్లు కట్టకుండా సమంగా పరుచుకుంటుంది, లోపలి సరుకు స్పష్టంగా కనిపిస్తుంది.

చివరికి మెకానిక్‌ను పిలిచాను. ఆయన అద్దం అంచు వెంట వేలు పోనిచ్చి ఒక మూల ఆగాడు. "అమ్మా, ఇక్కడ రబ్బరు పట్టీ చిరిగింది. తేమంతా ఈ దారినే లోపలికి పోతోంది" అన్నాడు. కొత్త పట్టీ వేశాక మంచు కరిగించే పని మూడు వారాలకొకసారి చేస్తే చాలుతోంది. నాలుగైదు సార్లకు పాత పూత అరిగిపోయింది. మళ్లీ రాశాను, ఈసారి రెండు గోడలకూ.