శీతనిద్ర తర్వాత ఐదు నెలలు: మిల్క్ స్నేక్‌ల జతతో నా అనుభవం

మొదటి ఏడాది మా పెంపుడు పాముల జతలోని ఆడ మిల్క్ స్నేక్ ఆరు గుడ్లు పెట్టింది. ఆరూ పసుపుపచ్చగా, చిన్నగా, తాకితే మైనపు ముద్దల్లా ఉన్నాయి. మంచి గుడ్డు తెల్లగా, తోలులా, కాస్త నొక్కుకుపోయేలా ఉంటుందని తర్వాత తెలిసింది గానీ, అప్పటికి తెలియక రెండు వారాలు వాటిని ఇంక్యుబేటర్‌లో పెట్టి కాపలా కాశాను. చివరికి బూజు పట్టి, వాసన వచ్చాక పారేశాను.

తప్పు నాదే. జత కలిపే ముందు చలికాలంలో ఈ పాములను చల్లగా ఉంచి నిద్రపుచ్చాలి. నా దగ్గరున్నవి మధ్య అమెరికాకు చెందిన హోండురన్ రకం. ఎరుపు, నలుపు, నారింజ పట్టీలతో మిలమిలలాడుతూ ఉంటాయి. ఉష్ణమండలపు రకం కాబట్టి వీటికి తేలికపాటి చలి చాలని అంటారు. ఆ ‘తేలికపాటి’ని నాకు వీలుగా అర్థం చేసుకుని, చలికాలమంతా 20 డిగ్రీల దగ్గర వదిలేశాను. ఆ చలికి వాటికి నిద్ర పట్టలేదు, ఆ వేడికి తిండి అరగదు. మూడు నెలలు డబ్బాల్లో అటూ ఇటూ తిరిగి చిక్కిపోయాయి. అలా ఉన్న జతను వసంతంలో కలిపితే ఏమవుతుంది? ఆ మైనపు ముద్దలే వస్తాయి.

(పేరు గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. ఇది పాలు తాగదు. ఎలుకల కోసం పశువుల కొట్టాల్లో దూరే ఈ అమెరికా ఖండపు పాములను చూసి, ఆవుల పొదుగు చీకుతున్నాయని పాతరోజుల్లో అక్కడి రైతులు అనుకున్నారు. పాము నోటికి చీకే వీలే లేదు.)

రెండో ఏడాది పాత ఫ్రిజ్‌కి విడిగా థర్మోస్టాట్ తగిలించి 14 డిగ్రీలకు పెట్టాను. దానికి ముందు మూడు వారాలు తిండి ఆపి, వేడి మాత్రం మామూలుగా ఉంచాను. ఇది దాటవేయకూడని పని. కడుపులో ఎలుక మిగిలి ఉండగా చల్లబరిస్తే అది అరగదు, లోపలే కుళ్లుతుంది, పాము చస్తుంది. ఆ తర్వాత రెండు వారాల్లో కొంచెం కొంచెంగా చల్లబరిచి, డిసెంబర్ మధ్యలో రెంటినీ వేర్వేరు డబ్బాల్లో చీకట్లో పెట్టేశాను. గిన్నెలో నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండేవి. గాలి మారడానికి రెండు మూడు రోజులకోసారి తలుపు తీసేవాణ్ని. పన్నెండు వారాలు అలాగే గడిచాయి. ఆడది 430 గ్రాములతో లోపలికి వెళ్లి 412తో బయటికి వచ్చింది. ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు, అవి పడుకున్నాయి అంతే.

నిద్ర లేచాకే అసలు టెన్షన్ మొదలైంది.

మార్చి మొదట్లో పది రోజులు తీసుకుని మళ్లీ 27 డిగ్రీలకు తెచ్చాను. మొదటి తిండి మామూలుగా ఇచ్చేదాంట్లో సగం సైజు ఎలుక. పన్నెండు వారాలు ఖాళీగా ఉన్న కడుపు మీద పెద్ద ఎలుకను వేస్తే కక్కేస్తుంది, కక్కిన పాము కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఆడది మొదటి రోజే చురుగ్గా అందుకుంది. ఆ తర్వాత నాలుగైదు రోజులకోసారి, దానికి కావలసినంత పెట్టాను. గుడ్లకు కావలసిన బలానికి ఈ నెలన్నరలో తినేది ముఖ్యం. మగది మాత్రం రెండుసార్లు తిని మానేసింది. మొదట భయపడ్డాను గానీ, ఈ కాలంలో మగవాటికి తిండి మీద ధ్యాస ఉండదట. రాత్రంతా డబ్బా గోడల వెంట ముక్కు రాసుకుంటూ తిరిగేది.

దాని ఆత్రం చూసి నేనూ ఆత్రపడ్డాను. నిద్ర లేచాక ఆడది మొదటి కుబుసం విడిచేదాకా ఆగాలని తెలుసు. అయినా మార్చి చివర ఒక సాయంత్రం, ‘ఒకసారి చూద్దాం’ అని దాన్ని తీసి మగదాని డబ్బాలో పెట్టాను. అంతకు గంట ముందే ఫ్రీజర్‌లోని ఎలుకలను కరిగించిన చేతులవి, ఆ వాసన ఇంకా పోలేదు. ఆ సంగతి గుర్తే లేదు. మగది నాలుక ఆడిస్తూ దగ్గరికి వచ్చింది, సరేలే అనుకున్నాను. మరుక్షణం దాని నడుం పట్టుకుని చుట్టేసుకుంది. అది జత కట్టడం కాదు, వేట. ఈ పాములు తోటి పాములను కూడా తింటాయి. చదువుతున్నప్పుడు తలూపి వదిలేసే వాక్యం అది, కళ్ల ముందు జరిగితే చేతులు వణుకుతాయి. లాగకూడదు, ఎందుకంటే పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే చర్మం చీలుతుంది. రెంటినీ అలాగే ఎత్తి కుళాయి కిందికి తీసుకెళ్లి మగదాని మూతి మీద చల్లటి నీళ్లు వదిలాను. అర నిమిషం పట్టిందేమో, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. వదిలేసింది. ఆడదాని పొలుసుల మీద చిన్న చుక్కల వరుసలా రక్తం. గాయం వారంలో మానింది. నేను మాత్రం అప్పట్నుంచి జత కలిపే రోజు ఎలుకల జోలికే వెళ్లలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆడదాని కళ్లు నీలంగా మసకబారాయి. నాలుగు రోజులకు మళ్లీ తేటపడ్డాయి. తొమ్మిదో తేదీ పొద్దున్న చూస్తే డబ్బాలో ముక్కు నుంచి తోక దాకా ఒక్క చిరుగు లేకుండా కుబుసం పడి ఉంది. ఆ కుబుసాన్ని మగదాని డబ్బాలో పెట్టి చూశాను. నా ముచ్చట కొద్దీ చేసిన పని అది. రెండు క్షణాలు నాలుక ఆడించి, ఒళ్లంతా ఝల్లుమన్నట్టు కుదుపులు కుదుపులుగా కదలడం మొదలుపెట్టింది. ఆ కుదుపే నేను మొదటిసారి చూడాల్సింది. వేటాడేటప్పుడు అలా కదలదు.

ఆడదానికి రెండు రోజులు ఆగి, కడుపు నిండా తినిపించి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, పన్నెండో తేదీ సాయంత్రం మగదాని దగ్గర పెట్టాను. పక్కన బకెట్ నీళ్లు కూడా పెట్టుకున్నాను. మగది దాని వీపు మీదుగా గడ్డం రాస్తూ తల దాకా పాకింది. మెడ దగ్గర పట్టుకుంది. నా గుండె ఆగినంత పనైంది గానీ ఈసారి చుట్టుకోలేదు, మెత్తగా పట్టుకుని ఆగింది. వెనక తోకలు ఒకదానికొకటి పెనవేసుకున్నాయి. ఆడది తోక కొంచెం పైకెత్తింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు రెండూ దాదాపు కదల్లేదు. మగదాని తోక చివర మాత్రం సన్నగా అదురుతూ ఉంది. విడిపోయాక వెంటనే దేని డబ్బాలో దాన్ని వేశాను. మూడు రోజుల ఎడంతో ఇంకో రెండుసార్లు కలిపాను. నాలుగోసారి ఆడది తోక విదిలిస్తూ తప్పించుకుని తిరిగింది, ఇక చాలన్నట్టే.

నెల తిరిగేసరికి దాని ఒంటి వెనక భాగం బరువెక్కింది. తిండి మానేసి, వెచ్చటి వైపే పడుకునేది. మే 12న మళ్లీ కుబుసం విడిచింది. ఈ కుబుసం తర్వాత ఒకటి రెండు వారాల్లో గుడ్లు పెడుతుందని లెక్క. మూతకు కన్నం చేసిన డబ్బాలో తడిపి పిండిన నాచు నింపి లోపల పెట్టాను. పదో రోజు రాత్రి అందులో దూరింది, తెల్లారేసరికి గుడ్లు పెట్టేసింది. ఎనిమిది. ఏడు తెల్లవి, ఒకటి పాత పరిచయస్తురాలు, పసుపుపచ్చది. తల్లి నీరసించి నడుం దగ్గర వదులైన సంచిలా ఉంది. అరలీటరు గిన్నెలో నీళ్లు పెడితే చాలాసేపు తల ఎత్తకుండా తాగింది.

పాము గుడ్లను కోడిగుడ్లలా తిప్పకూడదు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పెంకుకు అతుక్కుంటుంది, తర్వాత తలకిందులైతే చచ్చిపోవచ్చు. అందుకే ఏది పైకి ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, తడి వర్మిక్యులైట్‌లో (తేమను పట్టి ఉంచే ఖనిజపు పలుకుల్లో) సగం దాకా పాతి 27 డిగ్రీల్లో ఉంచాను. నాలుగు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే వాటిని విడదీయలేదు. వారం తర్వాత చీకట్లో చిన్న టార్చి ఆనించి చూస్తే లోపల ఎర్రటి సన్నటి నరాలు అల్లుకుని ఉన్నాయి. ముందటేడాది కూడా ఇలాగే టార్చి పెట్టి చూశాను, అప్పుడు ఉత్త పసుపు వెలుగే కనపడింది. ఒక గుడ్డు నెల దాటాక కుంగిపోయి పోయింది. మిగతా ఆరు అరవయ్యో రోజు దగ్గరికి వచ్చాయి. చివరి వారంలో పైన సొట్టలు పడితే ఎండిపోతున్నాయని కంగారుపడి నీళ్లు చల్లబోయాను, చల్లలేదు. పిల్లలు బయటికి వచ్చే ముందు అలా సొట్టలు పడడం మామూలేనట.

జులై 21న మొదటి గుడ్డు మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలిక. అందులోంచి ఒక ముక్కు. ముక్కు చివరి పంటితో పిల్ల పెంకును కోసుకుంటుంది, ఆ తర్వాత ఒక రోజు పైనే తల బయటపెట్టి అలాగే కూర్చుంటుంది. లోపల మిగిలిన సొన ఒంటికి పట్టాలి, అందుకే తొందరపెట్టి గుడ్డు కోయకూడదు. మూడు రోజుల్లో ఆరూ బయటికి వచ్చాయి, పెన్సిలంత లావు, పెద్దవాటికంటే మెరిసే రంగులు. ఒకదాన్నొకటి తినే జాతి కాబట్టి ఆరింటికీ ఆరు డబ్బాలు.

వారం తర్వాత మొదటి కుబుసం విడిచాక బొచ్చు రాని ఎలుక పిల్లలను పెట్టాను. ఐదు మొదటి రెండు ప్రయత్నాల్లో తిన్నాయి. ఆరోది వాసన చూసి తల తిప్పుకునేది. చీకట్లో పెట్టాను, మూసిన డబ్బాలో రాత్రంతా వదిలాను, లాభం లేకపోయింది. అడవిలో ఈ పిల్లలు ఎక్కువగా బల్లుల్లాంటివి తింటాయని గుర్తొచ్చి, ఎలుక పిల్లను కడిగి, బల్లి ఒంటికి రుద్ది పెట్టాను. ఆగస్టు 19 రాత్రి పదకొండింటికి తలుపు సందులోంచి టార్చి వేసి చూస్తే, నోట్లోంచి గులాబీ రంగు తోక ఒకటి మెల్లగా లోపలికి పోతోంది.