మాలో ‘గై’ ఎవరండీ?
నిన్న ఆన్‌లైన్ సమావేశంలో అలవాటుగా ‘హాయ్ గైస్’ అన్నాను. తెర మీద ఆరుగురుంటే అయిదుగురు ఆడవాళ్లే. ఒకావిడ నవ్వుతూ “మాలో గై ఎవరండీ?” అనేసరికి నాలుక కరుచుకున్నాను.

‘గై’ అంటే మగవాడు కదా. ఆ మాట 1605లో ఇంగ్లండ్ పార్లమెంటును పేల్చబోయి దొరికిపోయిన గై ఫాక్స్ పేరిట తగలబెట్టే దిష్టిబొమ్మల నుంచి వచ్చిందట! మగవాళ్లూ సంతోషించే పుట్టుకేమీ కాదు.

అసలు తప్పు ఇంగ్లిషుదే, పలువురిని పిలవడానికి వేరే ‘మీరు’ లేదు. ఒకప్పుడు ఒక్కరైతే ‘దౌ’, పలువురైతే ‘యూ’. మర్యాద కోసం ఒక్కరినీ ‘యూ’ అంటూ పోయి, చివరికి ‘దౌ’నే పోగొట్టుకుంది. మన ‘నువ్వు’ మాయమై ‘మీరు’ ఒక్కటే మిగిలినట్టు. ఆ లోటు పూడ్చుకోవడానికే అమెరికా దక్షిణాదిన ‘యాల్’ (యూ ఆల్), పిట్స్‌బర్గ్‌లో ‘యిన్జ్’ అనే ‘మీరంతా’ మాటలు పుట్టాయి.

నాకు ‘యాల్’ నచ్చింది, ఆడా మగా పేచీ లేదు. రేపు అనబోతున్నాను. నా యాసలో ఎలా వినిపిస్తుందో మరి.