మీటర్‌లో పసుపు లైటు
మా స్కూటర్ మీటర్‌లో ఇంజిన్ లైటు వారమైనా ఆరలేదు. షోరూమ్‌లో చూసి, ఆక్సిజన్ సెన్సర్ పోయింది, 3,000 దాటుతుందన్నారు. ఉసూరుమనిపించింది. 2020లో బళ్ల పొగ మీద బీఎస్-6 రూల్స్ వచ్చాక, పెట్రోలునీ గాలినీ కలిపే పాత కార్బ్యురేటర్లు దాదాపు పోయి ఈ సెన్సర్ల గోల మొదలైంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇది చెబితేనే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ (ఈసీయూ) పెట్రోలు సరిగ్గా కొలుస్తుంది మరి.

హైదరాబాద్ పుత్లీబౌలిలో కంపెనీది కాని బయటి రకం సెన్సర్ 900కే దొరికింది. "గ్యారంటీ మాత్రం అడగొద్దు తమ్మీ" అని మెకానిక్ అన్న ముందే చెప్పేశాడు. పాతది సైలెన్సర్ పైపుకి తుప్పుతో బిగుసుకుపోయింది, అరగంట కుస్తీ! లైటు ఆరింది. పదకొండో రోజు మళ్లీ వెలిగింది. చూస్తే సెన్సర్ బాగానే ఉంది, కనెక్టరే వదులు. పాతదాని కనెక్టర్ కోసి దీనికి అతికించాడు.

రెండు నెలలైంది, బండి బాగానే ఉంది. తాళం తిప్పగానే నా కళ్లు మాత్రం ఇంకా ఆ లైటు మీదికే పోతున్నాయి.