భద్రత పేరు చెప్పి అడిగే న్యాయం

2007 ఆరంభంలో ఇండోనేషియా ఆరోగ్య మంత్రి సితీ ఫదీలా సుపారి, తమ దేశంలో మనుషుల ప్రాణాలు తీస్తున్న హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయోగశాలలకు ఇక పంపేది లేదని తేల్చి చెప్పారు. ఫ్లూ నమూనాలను దేశాలు ఉచితంగా పంచుకునే ఏర్పాటు 1952 నుంచీ నడుస్తోంది కనుక, దానికి అడ్డం తిరగడమంటే ప్రపంచ భద్రతతో చెలగాటమాడడమేనని ఆమెపై విమర్శలు వచ్చాయి. ఆమె వాదన మాత్రం సూటిగానే ఉంది. తాము ఊరికే ఇచ్చిన వైరస్‌తో ఒక ఆస్ట్రేలియా కంపెనీ టీకా తయారుచేస్తోంది. రేపు మహమ్మారి విరుచుకుపడితే ఆ టీకాను కొనే స్తోమత గానీ, వరుసలో ముందు నిలబడే అవకాశం గానీ తమకు ఉండవు. ఈ పేచీ ఫలితంగానే 2011లో, ఫ్లూ వైరస్‌ల వరకు, నమూనాలు వాడుకునే కంపెనీలు టీకాల్లోనో మందుల్లోనో కొంత తిరిగి ఇచ్చే ఒడంబడిక కుదిరింది.

అంతర్జాతీయ సంబంధాల శాస్త్రంలో వాస్తవికవాదుల లెక్క ప్రకారం తన ప్రజలను కాపాడుకోవడమే రాజ్యానికి మొదటి ధర్మం, మిగిలినవన్నీ ఆ తర్వాతే. అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1999లో, కష్టాల్లో ఉన్న సమాజాలకు సాయపడే బాధ్యత ఇతరులకు ఉందని ఒప్పుకుంటూనే, అవి తమ కాళ్ల మీద తాము నిలబడగానే ఆ బాధ్యత తీరిపోతుందన్నారు. ఆయన దగ్గరే చదువుకున్న థామస్ పోగే ఆ గీతను అంగీకరించలేదు. పేటెంట్లు, అప్పులు, వర్తకం గురించిన నియమాలను రాసేది బలవంతులే కాబట్టి వాటివల్ల పేదలకు కలిగే హానిలో వారికి వాటా ఉందనీ, వారు చేయవలసింది దానధర్మం కాదు, హాని చేయడం మానుకోవడమనీ ఆయన వాదించారు.

ఇంత కఠినమైన మాట ఏ ప్రభుత్వ చెవికీ ఎక్కదు గనుక, చాలామంది న్యాయం కోరే వాదనకు భద్రత అనే చొక్కా తొడిగి పంపుతుంటారు. 2000 జనవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆఫ్రికాలోని ఎయిడ్స్ మీద చర్చించింది. ఒక ఆరోగ్య సమస్యను శాంతిభద్రతలకు ముప్పుగా ఆ మండలి చూడడం అదే మొదటిసారి. దానివల్ల దేశాధినేతల దృష్టి ఇటు మళ్లింది, నిజమే. కానీ ఒక్కో రోగికి ఏడాదికి 10,000 డాలర్లు దాటిన మందుల ఖర్చు దిగివచ్చింది మండలి ప్రసంగాలతో కాదు. 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా అదే చికిత్సను 350 డాలర్లకే ఇస్తామని ముందుకు రావడం, చవక మందులకు దారి తెరిచే చట్టం చేసినందుకు దక్షిణాఫ్రికా ప్రభుత్వంపై వేసిన కేసును మందుల కంపెనీలు అదే ఏడాది ఉపసంహరించుకోవలసి రావడం అసలు మలుపులు.

కోవిడ్ కాలంలో ఆ చొక్కా పూర్తిగా చిరిగింది. అందరూ క్షేమంగా ఉంటేనే మనమూ క్షేమం అన్న నినాదంతో మొదలైన, పేద దేశాలకూ టీకాలు అందించే అంతర్జాతీయ ఏర్పాటు కోవాక్స్, 2021 చివరికి 200 కోట్ల డోసులు ఇవ్వాలనుకుని, 2022 జనవరికి గానీ 100 కోట్లు చేరలేదు. ఆ లోపే సంపన్న దేశాలు తమవారికి బూస్టర్లు మొదలుపెట్టాయి. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ సంగతిని దాచకుండా ప్రపంచానికి చెబితే, ప్రతిఫలంగా రోజుల్లోనే విమాన నిషేధాలు ఎదురయ్యాయి. భయమే పునాది అయిన చోట, భయం తీరే మార్గం ఏది చవకగా దొరికితే దాన్నే ఎంచుకుంటారు. సరిహద్దు మూయడం టీకా పంచడం కంటే ఎప్పుడూ చవకే.

మన దేశం సంగతి ఇంకా చిక్కైనది. 2020 అక్టోబరులో దక్షిణాఫ్రికాతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో పేటెంట్ల సడలింపు కోరిన భారత్, 2021 మార్చిలో రెండో ఉధృతి మొదలవగానే పుణెలోని సీరం సంస్థ తయారుచేసే టీకాల ఎగుమతి నిలిపివేసింది. కోవాక్స్‌కు సరఫరా మళ్లీ మొదలైంది నవంబరులో. దీన్ని కపటమని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు, ఎందుకంటే ఆక్సిజన్ అందక జనం ప్రాణాలు పోతున్న వేళ ఏ ప్రభుత్వమైనా అదే చేస్తుంది. అడగవలసిన ప్రశ్న వేరు: ఒక దేశం తలుపు వేసుకుంటే ఇన్ని పేద దేశాలు ఒట్టి చేతులతో మిగిలిపోయేలా ఉత్పత్తి అంతా కొన్ని చోట్లే ఎందుకు పోగుపడింది? హైదరాబాదులోని బయొలాజికల్ ఇ తయారుచేసిన కార్బెవాక్స్ సాంకేతికతను టెక్సాస్ శాస్త్రవేత్తలు పేటెంట్ లేకుండానే ఇచ్చారు. అనుమతి వచ్చేసరికి 2021 డిసెంబరు అయినా, తాళం లేకుండా కూడా టీకా చేయవచ్చని అది చూపించింది. పేటెంట్ల సడలింపు 2022 జూన్‌లో వచ్చింది గానీ టీకాలకే పరిమితమై, మందులనూ పరీక్షలనూ పక్కన పెట్టింది.

అందుకే నా మొగ్గు పోగే వైపే. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారుల ఒప్పందంలో, వైరస్ నమూనాలు పంచుకునే ఏర్పాటులో చేరే కంపెనీలు మహమ్మారి వేళ తమ ఉత్పత్తిలో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలనీ, అందులో కనీసం సగం ఉచితంగా ఇవ్వాలనీ ఉంది. నమూనాలకు ప్రతిగా లాభాలు పంచే పద్ధతిని మాత్రం తర్వాత రాసుకునే అనుబంధానికి వదిలారు. ఆ వాటాను స్వచ్ఛంద సాయంగా రాస్తే మళ్లీ కోవాక్స్ కథే అవుతుంది. నమూనా చేతికి అందే ముందే కంపెనీ సంతకం పెట్టవలసిన కాంట్రాక్టుగా, మాట తప్పితే కోర్టుకు ఈడ్చే వీలుతో రాయాలని నా వాదన.