మతిమరుపు మీద ఇంకో జబ్బు

మా నాన్నది అల్జీమర్స్ అని బరంపురంలో చెప్పి నాలుగో ఏడు నడుస్తోంది. ఆయన చిన్నబండిలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నౌపడా నుంచి గుణుపూర్ దాకా నేరోగేజి మీద తిరిగిన బండిని పర్లాకిమిడిలో అందరం చిన్నబండనే అనేవాళ్ళం. 2004లో దాన్ని ఆపేసి, ఆ తర్వాత పెద్ద లైను వేశారు. నాన్న లెక్కలో మాత్రం అది ఆగలేదు. పొద్దు వాలితే చాలు, చొక్కా తొడుక్కుని "డూటీకెల్లాల, నా లాంతరేదే అమ్మీ" అంటూ గుమ్మంలోకొస్తారు. "బండి లేటంట నాన్నా, టీ తాగి ఎల్దువుగాని" అంటే కూర్చుంటారు. టీ అయ్యేసరికి బండి సంగతి మర్చిపోతారు.

ఇది మా ఇంట్లో మామూలు. ఏది మామూలో తెలుసు కాబట్టే కిందటి వేసవిలో తేడా కనిపెట్టగలిగాను.

ఎండలు ముదిరిన రోజులు. బీపీ దిగట్లేదని, కాళ్ళు వాస్తున్నాయని మాత్ర మార్చారు. కొత్తదాంట్లో నీరు లాగే మందు కలిసుంది, హైడ్రోక్లోరోథయాజైడ్. ఉప్పు కూడా బాగా తగ్గించమన్నారు. నోటికి రుచి లేక ఆయన పల్చటి గంజి, మంచినీళ్ళ మీదే గడిపారు. ఒక పొద్దున్న లేపితే లేవలేదు. లేచినా సగం కన్నే. మధ్యాహ్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా అలాగే ఉండిపోయారు. చీకటి పడ్డాక దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని ఒకటే దులపడం, గోడవార ఎవరో నిలబడ్డారని కేకలు. తెల్లారితే మళ్ళీ మత్తు.

ఊళ్ళో చూపించిన చోట డాక్టరు గారు మంచం పక్కన నిలబడి ఒడియాలో ఇవాళేం వారం, ఇది ఏ నెల అని అడిగారు. నాన్న పలకలేదు. "జబ్బు ముదిరిందమ్మా, వయసు కూడానూ" అని చీటీ రాసిచ్చేశారు. నాన్న సర్వీసంతా ఒడియా మాట్లాడినవారే గానీ, ఈ నాలుగేళ్ళలో అది ఆయన నోట ఇంచుమించు పోయింది. అందుకని తెలుగులో, ఆయనకు కంఠతా వచ్చినదే అడిగాను. "నాన్నా, నౌపడా నుంచి స్టేషన్లు చెప్పు." టెక్కలి, తెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, మధ్యలో వచ్చే హాల్టులతో సహా నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. నా పేరు తట్టని రోజున కూడా చెప్పారు. ఆవేళ "టెక్కలి" అన్నారు. ఆగిపోయి నా గాజులకేసి చూశారు. మళ్ళీ "టెక్కలి" అన్నారు. అంతే.

ఇది వయసు కాదని నాకక్కడే తెలిసిపోయింది. పేరు మాత్రం తర్వాత తెలిసింది, డెలీరియం అంటారట. అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ళ మీద మెల్లగా దిగుతుంది. ఇదలా కాదు, రెండ్రోజుల్లో మనిషిని మార్చేస్తుంది. గంటకో తీరుగా ఉంటారు, మనసు దేనిమీదా నిలవదు. మూత్రంలో ఇన్‌ఫెక్షను, న్యుమోనియా, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు, ఆఖరికి కొన్ని జలుబు మాత్రలు కూడా దీన్ని తెచ్చిపెట్టగలవు. మతిమరుపు ఉన్నవాళ్ళకు మరీ తొందరగా వస్తుంది. వస్తే అందరూ మతిమరుపు ఖాతాలోనే రాసేస్తారు. కేకలేసే ముసలాళ్ళనైనా ఎవరో ఒకరు పట్టించుకుంటారు. మత్తుగా పడున్నవాళ్ళను చూసి "పాపం, నిమ్మళంగా ఉన్నారు" అంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా ఊరు 1936లో ఒడిశాలోకి వెళ్ళింది గానీ మా రోగాలు నేటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. బరంపురం దూరం. పాతపట్నం దాటి పోతే శ్రీకాకుళం. కారు మాట్లాడుకుని అక్కడికే తీసుకెళ్ళాం. క్యాజువాల్టీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ నాన్నను ఏమీ అడగలేదు, నన్నడిగింది. "ఎప్పట్నుంచి ఇలా? కొత్తగా ఏం వేస్తున్నారు?" మాత్రల సంచి బల్ల మీద బోర్లించాను. రక్తం రిపోర్టులో సోడియం, అంటే రక్తంలో ఉండే ఉప్పు, 116. ఉండాల్సింది 135 నుంచి 145. నీరు లాగే మాత్ర, ఉప్పు తగ్గించడం, పల్చటి గంజి, మంచినీళ్ళు అన్నీ కలిసి దాన్ని దించేశాయట, డెలీరియం దానివల్లేనట.

ఉప్పేగా, ఎక్కించేస్తే పోలేదా అన్నాడు మా తమ్ముడు. తొందరపడి పెంచితే మెదడు నరాల పైపొర దెబ్బతింటుందట. రోజుకు 8, 10 పాయింట్లకు మించి పెరగనివ్వరు. కొన్ని గంటలకోసారి రక్తం తీసి, ఆ అంకె చూసి సెలైను వేగం మార్చేవారు. ఐసీయూ ఖర్చు సంగతి వదిలేస్తాను.

సెలైను పీకేస్తున్నారని రాత్రి ఆయన రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టారు. కట్టిన కొద్దీ పెనుగులాట ఎక్కువైంది. "నేను పట్టుకుని కూర్చుంటాను, విప్పండి సిస్టర్" అని బతిమాలితే విప్పారు. రాత్రిళ్ళు నేను, పగలు తమ్ముడు. కళ్ళజోడు పెట్టమంది డాక్టరమ్మ, అది ఇంట్లో ఉండిపోతే మనిషిని పంపి తెప్పించాం. పగలు కిటికీ తెర తీసి ఉంచమంది, ఎక్కడున్నారో మాటిమాటికీ చెబుతుండమంది.

సోడియం 130 దాటినా మనిషి దాటలేదు. అంకె బాగుపడిన రోజే బుర్ర తేటపడుతుందనుకున్నాం గానీ దానికి వారాలు పట్టింది. ఇంటికొచ్చాక ఒకనాడు గంజి గిన్నె తోసేసి "చప్పగుందే, ఇంత ఉప్పడెయ్యి" అని కసిరారు. అంత ఇష్టంగా తిట్లు నేనెప్పుడూ తినలేదు. స్టేషన్లు ముందు పాతపట్నం దాకా వచ్చాయి, తర్వాత గుణుపూర్ దాకా. వెనక్కి మాత్రం, అంటే గుణుపూర్ నుంచి నౌపడాకు, ఇదివరకు గడగడా చెప్పేవారు. అది మళ్ళీ రాలేదు. స్నానాల గదికి ఇప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. పూర్తిగా మునుపటి మెట్టుకు రాకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది.

బీపీకి వేరే మాత్ర ఇచ్చారు. సోడియం అప్పుడప్పుడు చూపిస్తున్నాం. నాన్న చొక్కా జేబులో ఒక అట్ట పెట్టాను, తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లోనూ. ఒడియా పక్కింటి మాస్టారు రాసిపెట్టారు. "అల్జీమర్స్ ఉంది. అయినా మామూలుగా తనే తింటారు, తెలుగులో మాట్లాడతారు, స్టేషన్ల పేర్లు వరసగా చెబుతారు. ఇవి చెయ్యకపోతే కొత్తగా ఏదో వచ్చినట్టు. నీరు లాగే మాత్ర పడదు. సోడియం చూడండి." కింద వేసుకునే మాత్రల పేర్లు. మొన్న ముక్కు కారుతోందని ఊళ్ళో చూపిస్తే, ఆ డాక్టరు అట్ట తిప్పి తిప్పి చదివారు. రాసిన జలుబు మాత్ర కొట్టేసి, ఆవిరి పట్టమన్నారు.