ఎంటర్ నొక్కకండి, ఆగండి

ఈ రోజు ఎనిమిదో తరగతికి రుతువుల పాఠం. ప్రశ్న పాతదే, ఎండాకాలం ఎందుకు వస్తుంది? నోటితో అడిగితే ఏం జరుగుతుందో ముందే తెలుసు. ముందు బెంచీల్లో ఎవరో ఒకరు "భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుంది కాబట్టి టీచర్" అనేస్తారు, మిగతావాళ్ళంతా తలలూపుతారు, వాళ్ళు నిజంగా అలాగే అనుకుంటున్నారో, నన్ను అడగకుండా వదిలేస్తే చాలని ఊపుతున్నారో నాకు తెలిసే దారి ఉండదు. అందుకే పిల్లల్ని కంప్యూటర్ ల్యాబ్‌కి తీసుకెళ్ళి, చాట్ తెరిపించి, జవాబు అందులో రాయమన్నాను. ఒకటే షరతు: రాయండి, కానీ నేను చెప్పేదాకా ఎవరూ ఎంటర్ నొక్కకూడదు.

ఈ పద్ధతి నేను కనిపెట్టిందేం కాదు, ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్ళు చాలామంది వాడతారు. కానీ దాని విలువ నాకు ఎదురుగా పిల్లల్ని కూర్చోబెట్టుకున్నప్పుడే ఎక్కువ కనిపిస్తోంది. మొదటి జవాబు తెర మీద పడితే చాలు, ఆ తర్వాతవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఎవరిదీ ఎవరికీ కనిపించకుండా అందరివీ ఒక్కసారే పడితే, ఎవరి తలలో ఏముందో అదే బయటికొస్తుంది. ఈ రోజు అలాగే వచ్చింది. ఎక్కువమంది దూరం అన్నారు, కొందరు వంపు అన్నారు (భూమి అక్షం ఒక పక్కకి ఒరిగి ఉండటం, అసలు కారణం అదే), ఒకరు "ఓజోన్" అన్నారు (అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాలేదు). ఎప్పుడూ నోరు తెరవని ఒక అమ్మాయి మాత్రం నాలుగు లైన్లు రాసింది, దగ్గరగా ఉండటమే కారణమైతే భూమి మొత్తానికి ఒకేసారి ఎండాకాలం రావాలి కదా అని. క్లాసులో అందరికన్నా మంచి మాట అదే. పిలిచి లేపి ఉంటే ఆ పిల్ల "తెలీదు టీచర్" అని కూర్చునేది, అందులో నాకేం సందేహం లేదు.

మేరీ బడ్ రో అని అమెరికాలో ఒక విద్యా పరిశోధకురాలు ఉండేవారు. 1970ల్లో సైన్సు క్లాసుల్ని గమనించి ఆవిడ తేల్చిందేమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే చాలు, జవాబులు పొడుగవుతాయి, "తెలీదు"లు తగ్గుతాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ, అందరూ మీ మొహమే చూస్తుంటే మూడు సెకన్లు నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో పాఠం చెప్పేవాళ్ళకే తెలుసు. చాట్ బాక్స్ చేసే పెద్ద ఉపకారం అదే అనుకుంటాను, నన్ను బలవంతంగా ఆపుతుంది. నిమిషం, రెండు నిమిషాలు కీబోర్డుల టకటక తప్ప ఏమీ వినపడదు, అయినా ఎవరికీ ఇబ్బందిగా ఉండదు.

స్టాఫ్ రూములో ఒక సీనియర్ సార్‌కి ఇది అస్సలు నచ్చదు. "ఎదురెదురుగా కూర్చుని టైపు చేసుకోవడం ఏంటమ్మా, 2020లో పడింది చాలదా" అంటారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఆ ఏడాది బడులు మూతబడి ప్రపంచవ్యాప్తంగా 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు ఇళ్ళలో ఉండిపోయారని యునెస్కో లెక్క, వాళ్ళలో ఆన్‌లైన్ క్లాసు దొరికినవాళ్ళకి పాఠం చెప్పడమంటే చాలా చోట్ల నల్ల గడులతో మాట్లాడటమే అయింది. కెమెరాలు ఆఫ్, మైకులు ఆఫ్. కానీ ఆ నల్ల గడుల కింద చాట్‌లో మాత్రం పిల్లలు బతికే ఉన్నారు, ఆ సంగతే ఆయన మర్చిపోతున్నారు. వీడియో వల్ల పడ్డ విసుగంతా తెచ్చి చాట్ నెత్తిన రుద్దితే ఎలా?

అలాగని చాట్ అందరికీ న్యాయం చేస్తుందని కూడా నేననను. గబగబా టైపు చేసేవాళ్ళు ఇందులో కొత్త ముందు బెంచీ. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లాడు అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఉంటే పక్కవాడు రెండు పేరాలు కొట్టి కూర్చుంటాడు. అందుకే ఎంటర్ ఎప్పుడు నొక్కాలో చెప్పే ముందు అందరికన్నా నెమ్మదిగా రాసే పిల్లాడి వైపు చూస్తాను. పేర్లు కనిపించకుండా రాయనిస్తే బిడియం పోతుందంటారు, నిజమే, దాంతోపాటు బుద్ధి కూడా పోతుంది, వెంటనే ఎవడో ఒకడు వెకిలి జోకు పెడతాడు. పేరు నాకు కనిపించాలి, మిగతా పిల్లలకి కనిపించకూడదు, నాకు సరిపడింది ఈ పద్ధతే.

మధ్యలో ఒకడు అడిగాడు, "మీ కాలంలో చాటింగ్ ఉండేదా టీచర్?" నా కాలం సంగతి పక్కన పెట్టి ప్లేటో గురించి చెప్పాను. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో మొదలైన కంప్యూటర్ బోధన వ్యవస్థ అది. పాఠాలు చెప్పడానికని కట్టారు గానీ, 1973లో అందులో టాకోమాటిక్ అని ఒక చాట్ ప్రోగ్రామ్ వచ్చింది. ఒక్కో గదిలో ఐదుగురు మాట్లాడుకోవచ్చు, టైపు చేస్తుంటే ఏ అక్షరానికి ఆ అక్షరం అవతలివాళ్ళ తెర మీద కనిపించేది. ఎంటర్ కోసం ఆగడమన్నదే లేదు. ఈ మాట వినగానే పిల్లలకి గుండె ఆగినంత పనైంది. "అంటే తప్పు రాసి చెరిపేసినా అందరూ చూసేస్తారా?" చూసేస్తారు మరి. నాలుగు లైన్లు రాసిన అమ్మాయి అయితే "అమ్మో" అంది పైకే.

ఆ తర్వాత తెరలు ఆపించి, పక్కవాళ్ళతో నోటితోనే వాదించుకోమన్నాను. ముందు ఎవరికి వాళ్ళు జవాబు చెప్పడం, తర్వాత పక్కవాళ్ళతో చర్చ, మళ్ళీ జవాబు, హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో నుంచీ వాడుతున్న పద్ధతి ఇది. ల్యాబ్ సంతలా మారింది, నాకు అదే కావాలి. చాట్ మాట్లాడే ముందు ఆలోచించుకోవడానికి పనికొస్తుంది గానీ మాటకి బదులు పనికిరాదు. రెండోసారి జవాబులు పడేసరికి వంపు వైపు చాలామంది వచ్చేశారు. అప్పుడు అంకెలు చెప్పాను: జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉంటుంది, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో అతి దూరంగా, సుమారు 15.2 కోట్లు. దూరం పార్టీ వాళ్ళ మొహాలు చూడాలి.

సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రేపటి టైమ్‌టేబుల్ పెట్టాను. వరసగా "ఓకే టీచర్", దండం బొమ్మలు, మళ్ళీ "ఓకే టీచర్", వాటి మధ్యలో ఒకరు అడిగిన అసలైన సందేహం ఎక్కడో పైకి పోయింది. అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగ్ మార్చేశాను. ప్రకటనలకి ఆ గ్రూపు చాలు. చర్చకి మాత్రం స్కూల్ లెర్నింగ్ ప్లాట్‌ఫామ్‌లో వేరే పేజీ ఉంది, ఎలాగూ పదమూడేళ్ళు నిండని పిల్లలు సొంతంగా వాట్సాప్ వాడకూడదు కదా. రాత్రి ఎనిమిది దాటాక నేను జవాబివ్వనని పిల్లలకి ముందే చెప్పి ఉంచాను. దాని వల్ల ఒక లాభం ఏంటంటే, నేను లేనని తెలిస్తే ఒకరికొకరు జవాబులు చెప్పుకుంటారు.

ఈ రోజు అదే అయింది. ఎనిమిది దాటాక ఒకడు రాశాడు, "జనవరిలో దక్షిణార్ధగోళంలో ఎండాకాలం, అప్పుడే భూమి దగ్గరగా కూడా ఉంటుంది, మరి వాళ్ళకి ఉత్తరం వాళ్ళకన్నా మండిపోవాలి కదా?" మంచి ప్రశ్న. జులైతో పోలిస్తే అప్పుడు భూమికి అందే ఎండ సుమారు ఏడు శాతం ఎక్కువ కూడా. కానీ దక్షిణార్ధగోళంలో ఐదింట నాలుగు వంతులు సముద్రమే, అది అంత త్వరగా వేడెక్కదు. అందుకే మొత్తం భూమి సగటు ఉష్ణోగ్రత సూర్యుడికి దూరంగా ఉన్న జులైలోనే ఎక్కువ. ఇదంతా రాసెయ్యాలని చేతులు పీకాయి, రాయలేదు. అరగంటకి ఇంకొకరు "అక్కడ సముద్రం ఎక్కువ కదా, అందుకేమో" అన్నారు. వెంటనే మూడో గొంతు, "నీళ్ళు లేటుగా వేడెక్కుతాయని గ్యారంటీ ఏంటి?" ఒక గిన్నెలో ఇసుక, ఒక గిన్నెలో నీళ్ళు ఎండలో పెట్టి చూద్దామని మధ్యాహ్నం "అమ్మో" అన్న అమ్మాయి రాసింది, ఈసారి ఎవరూ అడక్కుండానే.

రేపు పొద్దున్నే ల్యాబ్‌లో రెండు థర్మామీటర్లు అడగాలి, ఒకటి పనిచేయట్లేదని ఎవరో అన్నారు. ఎండ కాస్తుందో లేదో అది వేరే టెన్షన్.